జడ సన్నబడిపోతోంది, 48 ఏళ్ళు. కత్తిరించాలా, ఉంచుకోవాలా?

కోనసీమ టీచర్ (అమలాపురం), జూన్ 9

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 48. హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఏడో తరగతి నాటికే నా జడ నడుము దాటింది. ఏ ఊరికి బదిలీ అయినా పిల్లలు నా పేరు నేర్చుకునే లోపే "పొడుగు జడ టీచర్" అని పిలిచేవారు.

మూడేళ్ళుగా సన్నబడుతోంది. కుచ్చులుగా ఊడిపోవడం కాదు, రోజూ కాస్త కాస్త. ఇదివరకు జడ చివర రబ్బరుబ్యాండు రెండు చుట్లు తిప్పితే బిగిసేది. ఇప్పుడు నాలుగు తిప్పినా జారుతోంది. కనకాంబరాల మూర పెడితే ఆ బరువుకే పిన్ను కిందికి వచ్చేస్తోంది. మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో తలంబ్రాల ఫొటో ఒకటి పైనుంచి తీశారు. అందులో ఒకావిడ నడినెత్తి తెల్లగా కనిపిస్తోంది. పాపం ఎవరో అనుకున్నాను. చీర అంచు చూశాక తెలిసింది, నేనే.

ఊడిన వెంట్రుకలు వేలికి చుట్టి దాచి, స్టీలు గిన్నెలవాడు వచ్చినప్పుడు ఇచ్చేవాళ్ళం. ఆరు నెలలుగా అతనికి ఇవ్వడం లేదు. పాత పౌడరు డబ్బాలో పెడుతున్నాను. ఎందుకంటే చెప్పలేను, ఇవ్వబుద్ధి కావడం లేదు, అంతే.

పార్లర్లో భుజాల దాకా కొట్టించెయ్యమంటున్నారు. మా అమ్మాయిదీ అదే మాట. "ఈ వయసులో ఇంకా జడ మీద ఇంత బెంగేంటి" అని మా తోటికోడలు అంది. ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా? తిరిగి వచ్చిందా? ఏం చేశారు?

సాగరతీరం (విశాఖ), జూన్ 9

అక్కా, ముందు ఒక మాట. బెంగపడటం తప్పు కాదు. నలభై ఏళ్ళు రోజూ పొద్దున్నే చేత్తో పట్టుకున్నది తగ్గిపోతుంటే బాధ ఉండదా? నాకు 51. నేనూ బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చినదాన్నే.

కొన్ని విషయాలు చెప్పండి. తలంతా సమానంగా పల్చబడిందా, పాపిట, నడినెత్తి దగ్గరేనా? ఈమధ్య జ్వరాలు, ఆపరేషన్ ఏమైనా ఉన్నాయా? నెలసరి ఎలా ఉంది?

మందారం (తెనాలి), జూన్ 9

షాంపూలు మానెయ్యండి మేడమ్. కుంకుడుకాయలు, శీకాయ. వారానికి రెండుసార్లు మెంతులు నానబెట్టి రుబ్బి, మందార ఆకు కలిపి పట్టించండి. గుంటగలగర ఆకు రసం కొబ్బరినూనెలో కాచి రాయండి. మా అమ్మమ్మకి 80 ఏళ్ళకీ చేతికి నిండుగా ముడి ఉండేది. ఇంగ్లీషు మందుల జోలికి పోవద్దు. ఒకసారి గుండు చేయించుకున్నా ఒత్తుగా వస్తుంది.

కోనసీమ టీచర్, జూన్ 10

సాగరతీరం గారూ, మీ ప్రశ్నలు చదివాక ఒకటి తట్టింది. పల్చబడింది పాపిట, నడినెత్తి దగ్గరే ఎక్కువ. చెవుల పక్కన, మెడ దగ్గర బాగానే ఉంది. జ్వరాలేమీ లేవు. నెలసరి మాత్రం రెండేళ్ళుగా దారుణంగా ఉంది. ఏడెనిమిది రోజులు, గడ్డలు గడ్డలుగా. బడిలో మూడో పీరియడ్ తర్వాత నిలబడలేక కుర్చీలో కూర్చునే పాఠం చెప్తున్నాను. ఈ వయసులో అందరికీ అంతేలే అనుకున్నాను. జుట్టుకీ దీనికీ సంబంధం ఉంటుందా?

మందారం గారూ, కుంకుడుకాయలే వాడతానండి. ఎప్పుడూ మానలేదు.

ల్యాబ్ అక్క (విజయవాడ), జూన్ 10

సంబంధం ఉంటుంది, చాలా ఉంటుంది! పాతికేళ్ళుగా రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, మీలాంటి వాళ్ళు వారానికి పదిమంది కనిపిస్తారు. ఒంట్లో ఐరన్ తగ్గితే శరీరం గుండెకి, మెదడుకి ముందు ఇస్తుంది, జుట్టు వంతు చివర్న వస్తుంది.

డాక్టర్ని అడిగి ఇవి చేయించుకోండి: హీమోగ్లోబిన్‌తో కలిపి సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డీ. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిపెట్టిన ఐరన్. హీమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇది అడుగంటి ఉండొచ్చు, అందుకే ఒక్క హీమోగ్లోబిన్ చూసి "బాగుంది" అనుకోవద్దు. రిపోర్టులో నార్మల్ పదో పదిహేనో దగ్గర మొదలవుతుంది. జుట్టు విషయంలో మాత్రం చాలామంది స్కిన్ డాక్టర్లు 40 పైన ఉండాలని చూస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకి ముందు తప్పకుండా చెప్పండి. అది థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చేస్తుంది. గుండెనొప్పి వచ్చినప్పుడు చేసే ట్రోపోనిన్ పరీక్షని కూడా. లేని థైరాయిడ్ ఉన్నట్టు చూపించి మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఇది చాలామంది జనానికి తెలియదు.

కరీంనగర్ చెల్లె, జూన్ 11

నాది వేరే కథ అక్కా. మూడేళ్ళ కింద డెంగీ వచ్చింది. జ్వరం తగ్గి మంచిగైన అనుకున్న. రెండున్నర నెలలకి మొదలైంది చూడండి, దువ్వెన పెడితే చాలు పిడికెడు. స్నానం చేస్తే జాలీ మూసుకుపోయేది. మస్తు పరేషాన్ అయిన. డాక్టరమ్మ చూసి "జ్వరం దెబ్బకి వెంట్రుకలన్నీ ఒకేసారి విశ్రాంతికి పోయాయి, అవి రాలడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కుదుళ్ళు బాగున్నాయి" అని చెప్పింది. మందు ఏమీ రాయలేదు. ఎనిమిది నెలల్లో నుదుటి చుట్టూ పసిపిల్లలకి వచ్చినట్టు చిన్న వెంట్రుకలు వచ్చినయి.

ఒక్కసారిగా గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడితే వెనక్కి లెక్కబెట్టుకోండి, మూడు నెలల కింద ఏమైందో. మీది మెల్లగా అవుతుంది కాబట్టి వేరే అయి ఉండాలి.

స్కిన్ ఓపీ (హైదరాబాద్), జూన్ 11

నేను చర్మవైద్యురాలిని. ఇక్కడ ఎవరికీ మందు రాయను, చూడకుండా రాయకూడదు. కానీ అర్థం చేసుకోవడానికి కొన్ని చెప్తాను.

పాపిట వెడల్పు అవుతూ, ముందు వరుస, మెడ భాగం బాగుంటే అది ఎక్కువగా ఆడవాళ్ళలో వంశపారంపర్యంగా వచ్చే పల్చబాటు. నలభై దాటాక ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ బయటపడుతుంది. కుదురు చచ్చిపోదు, చిక్కిపోతుంది. ఒకప్పుడు లావుగా వచ్చిన చోటే దారప్పోగులాంటి వెంట్రుక వస్తుంది. దీనికి తోడు ఐరన్ తగ్గితే రెండు దెబ్బలు ఒకేచోట పడినట్టు. టీచర్ గారికి రెండూ ఉన్నాయేమో అనిపిస్తోంది.

ఇక పొడుగు జుట్టు వాళ్ళకే ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే నిరాశపడి మందు మానేస్తారు. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాటిన జడంటే దాదాపు 90 సెంటీమీటర్లు. అంటే ఆ చివర ఉన్న వెంట్రుక ఏడెనిమిదేళ్ళ కిందటిది, మీకు నలభై ఏళ్ళప్పుడు పుట్టింది. ఇవాళ కుదురు బాగుపడి కొత్త వెంట్రుక మొదలైనా అది జడ చివరికి చేరాలంటే మళ్ళీ అన్నేళ్ళు కావాలి. పైగా వయసుతో వెంట్రుక పెరిగే కాలమే తగ్గుతుంది కాబట్టి కొన్ని అంతదాకా రాకుండానే రాలిపోతాయి. అందుకని ఆర్నెల్లు మందు వాడి జడ కొస చూసుకుని "ఏమీ లాభం లేదు" అనుకోవద్దు. చూడాల్సింది పాపిట. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో, అదే చోట పాపిట తీసి ఫొటో తీసుకోండి. అద్దం రోజుకో మాట చెప్తుంది. ఫొటో అలా కాదు.

దీనికి తలకి పూసుకునే మందు మినాక్సిడిల్. 1970లలో బీపీ మాత్రగా వాడుతున్నప్పుడు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి, తలకి రాసేదిగా మార్చారు. మొదటి ఒకటి రెండు నెలల్లో ఊడడం పెరగొచ్చు. పాత వెంట్రుకని కొత్తది తోసేస్తుంది, భయపడి ఆపకండి. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. మానేస్తే వచ్చింది పోతుంది, ఇది ముందే తెలుసుకుని మొదలుపెట్టాలి. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు వాడకూడదు. ఇంట్లో పిల్లులుంటే మందు వాటికి అంటకుండా చూసుకోండి, వాటికి విషం.

గుండు మాట: కుదురు చర్మం లోపల ఉంటుంది. పైన గొరిగితే దానికి తెలియదు. కొస మొద్దుగా తెగడం వల్ల మళ్ళీ మొలిచేటప్పుడు లావుగా అనిపిస్తుంది, అంతే.

మందారం (తెనాలి), జూన్ 12

డాక్టర్ గారూ, గుండు సంగతి ఒప్పుకుంటాను. కానీ నూనెలు, ఆకులు అన్నీ వృథా అంటే మనసొప్పదు. తరతరాలుగా ఊరికే రాశారా?

స్కిన్ ఓపీ (హైదరాబాద్), జూన్ 12

వృథా అనడం లేదండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటినప్పుడు మాంసకృత్తు పోకుండా కాపాడుతుంది. ఏడేళ్ళ కిందటి కొసలకి ఆ రక్షణ చాలా అవసరం. మీ అమ్మమ్మగారి ముడి చివరిదాకా నిలిచిందంటే అందులో నూనె పాత్ర ఉండే ఉంటుంది. ఉన్న వెంట్రుక విరగకుండా నూనె, కుదురు చిక్కిపోకుండా మందు. ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. నూనె పెట్టిన తలమీద మాత్రం మినాక్సిడిల్ రాయకూడదు, చర్మానికి అందదు.

అత్తయ్యగారు (నెల్లూరు), జూన్ 13

అమ్మా, నాకు 69. మా కోడలు టైపు చేస్తోంది. నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదని రాయిస్తున్నాను.

నాకూ మీ వయసులోనే జడ సన్నబడింది. నలుగురిలో చిన్నతనమనిపించి సవరం పెట్టడం మొదలుపెట్టాను. జారిపోకూడదని గట్టిగా లాగి అల్లేదాన్ని. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ బరువు ఉన్న నాలుగు వెంట్రుకల మీదే. తలపోటు వచ్చేది, అమృతాంజనం రాసుకునేదాన్ని గానీ జడ వదులు చేసేదాన్ని కాదు. పదేళ్ళలో కణతల దగ్గర, చెవుల పైన నున్నగా అయిపోయింది. డాక్టరుకి చూపిస్తే లాగి లాగి కుదుళ్ళు పోయాయి, ఇక రావన్నారు. వయసు తీసుకున్నది కొంచెం, నా చేతులతో నేను పోగొట్టుకున్నది ఎక్కువ.

సవరం పెళ్ళికీ పేరంటానికీ పెట్టుకో తల్లీ. రోజూ వద్దు. ఇంట్లో ఉన్నప్పుడు వదులుగా అల్లుకో. తడి తలని దువ్వకు. చిక్కు కొస నుంచి పైకి తీసుకుంటూ రా.

పల్నాడు ఆడపడుచు, జూన్ 13

టీచర్ గారూ, నెలసరి సంగతి చదివి ఆగలేక రాస్తున్నాను. రక్తస్రావం ఎక్కువని వెళ్తే మా దగ్గర మొదటి మాటే "గర్భసంచి తీసేద్దాం" అని ఉంటుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే. నాకు 36వ ఏట తీసేశారు. అండాశయాలు కూడా తీశారని నాకు తర్వాత డిశ్చార్జి కాగితం చూసి ఇంకో డాక్టరు చెబితే తెలిసింది. ఒక్క ఏడాదిలో ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్ళనొప్పులు, జుట్టు సగం. నలభై ఎనిమిదిలో రావాల్సినవన్నీ నాకు 37కే వచ్చాయి.

వద్దని చెప్పడం లేదు, అవసరమైన వాళ్ళు ఉంటారు. కానీ ముందు స్కానింగ్ చేయించుకుని, కణితులున్నాయా, మాత్రలతో తగ్గుతుందా, కాపర్-టీలా గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం సరిపోతుందా అని అడగండి. ఇద్దరు డాక్టర్ల మాట వినండి. అండాశయాలు ఉంచుతారా అని నోరు తెరిచి అడగండి. నేను అడగలేదు.

సాగరతీరం (విశాఖ), జూన్ 13

చెల్లీ, ఎంత ధైర్యంగా చెప్పావు. దీన్ని అందరూ చదవాలి.

భామ జడ (డల్లాస్), జూన్ 15

నాకు 53. ఇక్కడ పిల్లలకి కూచిపూడి నేర్పిస్తాను. మా సంప్రదాయంలో సత్యభామ తెర వెనక నిలబడి జడని తెర మీదుగా బయటికి వేస్తుంది. దమ్ముంటే నన్ను ఓడించి ఈ జడ కత్తిరించండి అన్న సవాలు అది. నేను పదహారేళ్ళప్పుడు ఆ వేషం సొంత జడతోనే వేశాను. కాబట్టి మీ బాధ నాకు వివరించక్కర్లేదు.

నాలుగేళ్ళ కిందట కత్తిరించుకున్నాను, భుజం కిందికి ఒక జానెడు. మొదటి వారం చెయ్యి వెనక్కి వెళ్ళి జడని ముందుకు వేసుకోబోయేది, అక్కడ ఏమీ ఉండేది కాదు. కాలేజీలో చదివే మా అబ్బాయి చూసి "అమ్మా నీ తల బరువు తగ్గినట్టుంది, మెడనొప్పి పోయిందా" అన్నాడు. నిజంగానే పోయింది. సన్నటి కొసలు తీసేశాక మిగిలింది ఒత్తుగా కనిపించింది. ఇది కళ్ళతో చూస్తే గానీ నమ్మలేం.

నడినెత్తికి క్లిప్పుతో పెట్టుకునే టాపర్ కొనుక్కున్నాను, అసలు వెంట్రుకలది. స్టేజీ రోజున మాత్రమే. తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చే తలనీలాలని దేవస్థానం వేలం వేస్తే, అవి దేశాలన్నీ దాటి ఇలాంటి వాటిల్లోకి వస్తాయి. నా తలమీదున్నది మన ఊళ్ళ వాళ్ళెవరో మొక్కు తీర్చుకున్నదేమో అనిపించి, పెట్టుకునే ముందు ఒకసారి కళ్ళకద్దుకుంటాను.

ఖమ్మం బావ, జూన్ 16

మగవాణ్ణి మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నా భార్యకీ ఇదే సమస్య. "ఏం కాలేదులే, బాగానే ఉంది" అని ఇన్నాళ్ళూ ధైర్యం చెప్పాననుకున్నాను. ఈ చర్చ చదివించాక ఆమె చెప్పింది, ఆ మాట వింటే నేను అసలు చూడనట్టు ఉంటుందని. నిన్న కిటికీ దగ్గర కూర్చోబెట్టి పాపిట ఫొటో నేనే తీశాను. సోమవారం రక్తపరీక్షకి వెళ్తున్నాం. డాక్టర్ గారికి, ల్యాబ్ అక్కకి నమస్కారాలు.

కోనసీమ టీచర్, జూన్ 24

రిపోర్టులు వచ్చాయి. హీమోగ్లోబిన్ 9.4. ఫెరిటిన్ 7. థైరాయిడ్ మామూలుగానే ఉంది. బీ12 కొంచెం తక్కువ. స్కానింగ్‌లో చిన్న కణితులు రెండు. మొదట చూపించిన చోట గర్భసంచి తీసేద్దామన్నారు. పల్నాడు చెల్లి మాట గుర్తుండి కాకినాడలో ఇంకొకరికి చూపించాను. ఆవిడ మాత్రలిచ్చి మూడు నెలలు చూద్దామన్నారు.

జుట్టు కోసం వెళ్ళకపోయి ఉంటే ఆ నీరసాన్ని ఇంకెన్నాళ్ళు మోసేదాన్నో.

ల్యాబ్ అక్క (విజయవాడ), జూన్ 24

ఫెరిటిన్ ఏడుతో ఐదు పీరియడ్లు పాఠం చెప్తున్నారా తల్లీ!

ఐరన్ మాత్ర కాఫీ, టీ, పాలతో కలిపి వేసుకోవద్దు, కాల్షియం మాత్రతో అసలు వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు వద్దు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు దానికీ దీనికీ నాలుగు గంటలు ఎడం పెట్టాలి. హీమోగ్లోబిన్ పెరిగిందని మానెయ్యకండి, ఒంట్లో ఐరన్ నిల్వ నిండడానికి ఇంకా నెలలు పడుతుంది.

కోనసీమ టీచర్, ఆగస్టు 30

మినాక్సిడిల్ మొదలుపెట్టి ఐదు వారాలు. డాక్టర్ గారు చెప్పినట్టే ఊడడం పెరిగింది. చెప్పకపోయి ఉంటే సీసా కిటికీలోంచి విసిరేసేదాన్ని. పొడుగు జుట్టుతో రాయడం కష్టంగా ఉంది, మందంతా వెంట్రుకలకే అంటుతోంది. ఎలా?

సాగరతీరం (విశాఖ), ఆగస్టు 30

అక్కా, ముందు వదులుగా జడ వేసేసుకోండి. తర్వాత దువ్వెన కాడతో నడినెత్తిన మధ్యలో ఒక పాపిట, అటూ ఇటూ వేలెడు ఎడంలో రెండేసి పాపిటలు తియ్యండి. ఒక్కో గీత వెంట డ్రాపర్‌తో చర్మం మీదే చుక్కలు పెట్టి వేలితో అద్దండి, రుద్దొద్దు. చేతులు కడుక్కోండి. పడుకునే గంటా రెండు గంటల ముందే రాస్తే దిండుకి అంటుకుని మొహానికి తగలదు. నాకు చెంపల మీద నూగు వచ్చింది అలాగే.

కోనసీమ టీచర్, జనవరి 18

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

హీమోగ్లోబిన్ 12.1, ఫెరిటిన్ 34. నెలసరి ఐదు రోజులకి తగ్గింది. నిలబడే పాఠం చెప్తున్నాను. జూన్ ఫొటో, జనవరి ఫొటో పక్కపక్కన పెడితే పాపిట తేడా తెలుస్తోంది. పూర్వంలా కాదు, ఎప్పటికీ కాదని డాక్టరమ్మ కూడా చెప్పారు. పొద్దున ఎండలో చూస్తే పాపిట పొడుగునా అంగుళం, రెండంగుళాల వెంట్రుకలు నిటారుగా నిలబడి ఉన్నాయి. నూనె రాసినా అణగడం లేదు. మా అమ్మాయి వాటిని దువ్వి అణచబోతే వద్దన్నాను.

ధనుర్మాసంలో తిరుమల వెళ్ళాం. కల్యాణకట్టలో మూడు కత్తెర్లు ఇచ్చాను. ఇంటికి వచ్చాక పార్లర్‌కి నేనే వెళ్ళి, ఎవరూ చెప్పకుండా, నడుముకి పైన దాకా కత్తిరించమన్నాను. భుజాల దాకా కాదు. ఆ అమ్మాయి కత్తిరించే ముందు దారంతో గట్టిగా కట్టి ఇచ్చింది, అడుగు పొడవు ఉంది. ఇప్పుడు జడ పొట్టిదే గానీ కొసదాకా ఒకే లావు. రబ్బరుబ్యాండు మూడు చుట్లు.

బడిలో ఆరో తరగతి పిల్ల ఒకతి వెనక నుంచి చూసి "టీచర్, మీ జడేది?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని దగ్గరికి తీసుకుని చూపించాను. పట్టుకుని చూసి "మెత్తగా ఉంది" అని వెళ్ళిపోయింది.

అత్తయ్యగారు (నెల్లూరు), జనవరి 18

చల్లగా ఉండు తల్లీ. ఆ పౌడరు డబ్బా ఏం చేశావు?

కోనసీమ టీచర్, జనవరి 19

అదీ, కత్తిరించిన అడుగు జుట్టూ కలిపి సవరం కట్టే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళానండి, రాజమండ్రిలో. డబ్బాలోవి చిక్కు, మొదలూ కొసా కలిసిపోయి ఉన్నాయి, విడదీయడానికి చాలా రోజులు పడుతుందంది. కత్తిరించింది మాత్రం వరసగా ఉంది కదా, దాన్ని పైన వేసి, చిక్కు విడదీసింది లోపల వేసి కడతానంది. తేలిగ్గా కట్టమన్నాను, మీరు చెప్పిన కథ ఆవిడకీ చెప్పాను. మా అమ్మాయి పెళ్ళి వైశాఖంలో. పూలజడకి అది పెడతాం.